బాలలకు జంతువుల బొమ్మల పుస్తకములు

గ్రంథాలయమున అడుగుపెట్టిన పిల్లవాడు మొట్టమొదట చేతికి తీసికొను పుస్తకము సాధారణముగా బొమ్మల పుస్తకమే. అందును ఏనుగు, పులి, నెమలి, మొసలి మొదలగు జంతువుల బొమ్మలున్న పుస్తకము దొరకినచో వాడు అక్షరములు రాకున్నను గంటసేపు కదలక కూర్చుండును. ఏ పల్లెటూరి గ్రంథాలయమునందైనను ముందుగా అట్టలూడి, పుటలు నలిగి, బైండింగునకు పంపవలసి వచ్చునవి ఈ పుస్తకములే. కావ్యములకును నవలలకును చరిత్ర కలదని అందరును ఎరుగుదురు. ఈ పలుచని బొమ్మల పుస్తకములకు కూడ మూడున్నర శతాబ్దులకు మించిన చరిత్ర కలదని ఎరిగినవారు తక్కువ.

ఇచ్చట చెప్పబోవునవి కథల పుస్తకములు కావు. పరవస్తు చిన్నయసూరి 1853లో ప్రకటించిన నీతిచంద్రికలో సింహమును, ఎద్దును, నక్కలును మాటలాడును. అవి జంతువుల వేషము ధరించిన మనుష్యులు. నక్క నిజముగా ఏమి తినును, పగలెచ్చట దాగును, ఎన్ని పిల్లలను పెట్టును అను ప్రశ్నలకు నీతికథలో సమాధానముండదు. ఉండవలసిన అవసరమును లేదు. ఆ ప్రశ్నలకు బొమ్మతోడ సమాధానము చెప్పు పుస్తకము వేరొక జాతికి చెందినది. ఆ జాతి పుస్తకము ఎట్లు పుట్టినది, తెలుగు పిల్లల చేతికి ఎట్లు చేరినది, చేరుటలో ఏమి పోగొట్టుకొన్నది అనునదియే ఈ వ్యాసమునకు విషయము.

ఇద్దరు బాలురు

ఈ పుస్తకములను చదువు బాలురు తెలుగునాట రెండు తెగలుగా నున్నారు. హైదరాబాదు నడుమనున్న అమీర్‌పేట, పంజగుట్ట ప్రాంతముల పిల్లవానిని ఒక తెగకు గుర్తుగా తీసికొనవచ్చును. ఈ పేటల పేరు తెలియని తెలుగు పల్లె నేడు లేదు. 1990 తరువాత కంప్యూటరు శిక్షణకును, ఉద్యోగ పరీక్షల శిక్షణకును అమీర్‌పేట పెట్టినది పేరు. పల్లెలనుండి వచ్చిన యువకులు అచ్చటి చిన్న గదులలో నలుగురైదుగురు కలిసి కాపురముండి చదువుకొందురు. వీధుల వెంట అమ్మబడు పుస్తకములలో అధికభాగము పరీక్షల గైడ్లు, జెరాక్సు నోట్సులు. 2017 నవంబరులో మెట్రో రైలు వచ్చినది. రెండు మార్గములు కలిసెడి కూడలి అమీర్‌పేట, దాని ప్రక్కనే పంజగుట్ట. ఇట్టి పేటలో పుట్టిన పిల్లవాడు పావురమును, వీధికుక్కను, ఆకాశమున తిరుగు గద్దను చూచును. ఎద్దును, మేకను, తూనీగను, కప్పను వాడు తరచుగా బొమ్మలో చూచిన పిమ్మటనే ప్రాణముతో చూచును. కొన్నిటిని ఎన్నడును చూడడు.

పల్లెటూరి పిల్లవాని సంగతి దీనికి తలక్రిందులు. వాడు గేదె ఈనుట చూచినవాడు, తేలు కుట్టిన బాధ ఎరిగినవాడు, గిజిగాని గూడు తుమ్మకొమ్మ నుండి కోసి తెచ్చినవాడు. వానికి బొమ్మ తరువాత వచ్చును, జంతువు ముందు వచ్చును. అందుచేత మొదటివానికి పుస్తకము జంతువునకు బదులుగా నిలుచును. రెండవవానికి తాను చూచినదానినే మరల నిదానముగా చూపించును. ఈ ఇద్దరికిని ఒకే పుస్తకము పనికివచ్చునా అను ప్రశ్నకు చరిత్రలోనే కొంత సమాధానము కలదు.

బొమ్మ పుట్టుక

జంతువుల బొమ్మలను ముద్రించుటలో మొదటి చిక్కు, చిత్రకారుడు ఆ జంతువును చూడకపోవుట. 1515లో గుజరాతు సుల్తాను ఇచ్చిన ఖడ్గమృగము ఒకటి ఓడమీద పోర్చుగల్లు రాజధానియగు లిస్బనునకు చేరినది. జర్మనీ దేశపు చిత్రకారుడు ఆల్‌బ్రెక్ట్ డ్యూరరు దానిని స్వయముగా చూడలేదు. ఎవరో పంపిన జాబును, ముతక చిత్రమును ఆధారముగా చేసికొని చెక్కమీద దాని రూపమును గీసి అచ్చువేయించెను. ఆ బొమ్మలో మృగమునకు ఇనుప కవచము తొడిగినట్లు పలకలున్నవి. భుజముల నడుమ లేని కొమ్మొకటి మొలచినది. అయినను ఐరోపా పుస్తకములు రెండు శతాబ్దులకు పైగా దానినే నమ్మి, దానినే మరల మరల అచ్చువేసినవి. భారతదేశపు అడవిలో తిరుగు మృగము ఐరోపా పిల్లల మనస్సులలో లేని కొమ్ముతో బ్రదికినది.

పిల్లలకొరకే ఉద్దేశించిన సచిత్ర పాఠ్యగ్రంథములలో తొలిదిగా ప్రసిద్ధి కెక్కినది 1658లో న్యూరెంబర్గు పట్టణమున వెలువడినది. దానిని రచించినవాడు మొరేవియా దేశీయుడగు విద్యావేత్త కొమేనియసు. ‘ఓర్బిస్ పిక్టుస్’ అని పిలువబడు ఆ గ్రంథమున నూటయేబది విషయములకు చెక్కబొమ్మలు కలవు. ప్రతి బొమ్మలోని వస్తువులకు అంకెలు వేసి, ఆ అంకెల ననుసరించి లాటినులోను, జర్మనులోను పేర్లు వ్రాసిరి. అక్షరములు నేర్పుటకు కూడ కొమేనియసు జంతువులనే ఆశ్రయించెను. కాకి, గొర్రెపిల్ల మొదలగువాని కూతలనుండి అక్షరముల ధ్వనిని పిల్లవానికి పట్టించెను. తెలుగు వాచకములలో ఉ అనగా ఉడుత, ఎ అనగా ఎలుక, ఒ అనగా ఒంటె అని నేర్పుట ఎరిగినవారికి ఈ పద్ధతి పరాయిదిగా తోచదు.

1730లో లండనులో థామస్ బోర్‌మన్ మూడువందల జంతువుల వర్ణనతో పిల్లలకొక పుస్తకమును ప్రకటించెను. అందు సింహము, ఏనుగు మొదలగువాని ప్రక్కనే ఒంటికొమ్ము గుఱ్ఱము వంటి కల్పిత మృగములును నిజమైన వానివలె చోటు చేసికొన్నవి. పాత పుస్తకములనుండి బొమ్మలను ఎత్తివ్రాసినందున పాత పొరపాటులును వెంట వచ్చినవి. ఈ లోపమును చాలవరకు దిద్దినవాడు థామస్ బ్యూయిక్. ఇంగ్లండు ఉత్తరభాగమున న్యూకాసిల్ పట్టణమున చెక్కడపు పనివాడైన ఇతడు 1790లో చతుష్పాద జంతువుల చరిత్రను, 1797లోను 1804లోను రెండు సంపుటములుగా పక్షుల చరిత్రను ప్రకటించెను. ఇతడు చెక్కను అడ్డముగా కోసి, గట్టిదైన ఆ ముఖముమీద సన్నని ఉలితో చెక్కెను. అట్టి దిమ్మ సీసపు అక్షరములతో సమానమైన ఎత్తున నుండుటచే బొమ్మయు మాటయు ఒకే పుటమీద, ఒకే అచ్చులో, తక్కువ ఖర్చుతో పడుటకు వీలు కలిగినది. పిల్లల బొమ్మల పుస్తకము సామాన్యుని ఇంటికి చేరుటకు ఈ పనితనము గొప్ప సాయము చేసినది.

బ్యూయిక్ పుస్తకములలో ఇంకొక విశేషము కనిపించును. తన ఊరి పొలములలోను ఏటిగట్టునను చూచిన పిచ్చుకను, కుక్కను, ఎద్దును అతడు చెక్కినపుడు వానికి ప్రాణమున్నట్లుండును. ఇతరుల చిత్రములను చూచి చెక్కిన దూరదేశపు మృగములకు ఆ జీవకళ లేదు. తాను చూచినదానిని గీయుట, చూడనిదానిని గీయుట అను ఈ తేడాయే తరువాతి చరిత్ర అంతటను కనబడును.

భారతదేశమున

భారతదేశమున ఇట్టి ప్రయత్నము తొలుత వంగదేశమున జరిగినది. కలకత్తా పాఠ్యపుస్తక సంఘమువారు 1822లో ‘పశ్వావళి’ యను పేర వంగభాషలో నెలకొక జంతువునుగూర్చి చిన్న పుస్తకమును వెలువరింప నారంభించిరి. మిషనరీయైన జాన్ లాసన్ విషయమును సేకరించెను. ప్రతి సంచికకు ఒక జంతువు, దానికొక బొమ్మ. మొదటి సంచిక సింహమునుగూర్చినది. వంగదేశపు అడవులలో నున్నది పులి. అయినను పుస్తకము సింహముతో మొదలైనది. పుస్తకము బయటనుండి నేర్చుకొన్న క్రమమును అనుసరించినదే గాని పిల్లవాని ఇంటి చుట్టును చూడలేదు.

దక్షిణమున వేరొక పని జరిగినది. థామస్ జెర్డన్ మద్రాసు సైన్యములో వైద్యుడు. నెల్లూరులో కొంతకాలము పనిచేసెను. ఇతడు 1843 మొదలు 1847 వరకు మద్రాసులో భారతీయ పక్షులనుగూర్చి ఏబది రంగుల చిత్రములతో ఒక గ్రంథమును భాగములుగా వెలువరించెను. అందలి చిత్రములను గీసినవారు భారతీయ చిత్రకారులు. తరువాత 1862-64 నడుమ వెలువడిన తన పెద్ద గ్రంథమున జెర్డన్ అనేక పక్షులకు తెలుగు పేర్లను కూడ ఎక్కించెను. ఆ పేర్లు పండితుల నిఘంటువులలో దొరకినవి కావు. పక్షులను ప్రతిదినము చూచు ప్రజల నోట విన్నవి. ఈ గ్రంథములు పిల్లలకు ఉద్దేశించినవి కావు. వాని వెలయు సామాన్యులకు అందునది కాదు. కాని దేశీయుడు గీసిన బొమ్మయు, దేశీయుడు పలికిన పేరును ఒకే పనిలో కలియుట తెలుగునాట ఆనాడే సాధ్యమైనదని అవి తెలుపుచున్నవి.

పిల్లలకొరకు ఆ పనిని కళగా మార్చినవాడు కలకత్తావాసి ఉపేంద్రకిశోర్ రాయ్ చౌధురి. ఛాయాచిత్రమును సన్నని చుక్కలుగా విడదీసి అచ్చువేయు హాఫ్‌టోన్ విధానమున ఇతడు నిపుణుడు. 1903లో ప్రాచీనకాలపు జంతువులనుగూర్చి పిల్లలకొక పుస్తకము వ్రాసెను. 1913లో ‘సందేశ్’ పత్రికను స్థాపించెను. రచయిత, చిత్రకారుడు, ముద్రాపకుడు ఒక్కడే యగుటచే బొమ్మకును మాటకును పొత్తు కుదిరినది.

తెలుగున

తెలుగున విజ్ఞానశాస్త్ర గ్రంథముల ఉద్యమము హైదరాబాదులోనే పుట్టినది. 1901లో సుల్తాను బజారున శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయము వెలసినది. 1906లో కొమఱ్ఱాజు లక్ష్మణరావు, గాడిచర్ల హరిసర్వోత్తమరావు, రావిచెట్టు రంగారావు మొదలగువారు విజ్ఞానచంద్రికా మండలిని ఇచ్చటనే స్థాపించిరి. రెండేండ్లకు అది మద్రాసునకు తరలినది. చరిత్రతోపాటు ప్రకృతిశాస్త్రములను కూడ తెలుగున చదువవచ్చునని ఆ మండలి నిరూపించెను. అయితే ఆ గ్రంథములు ఎదిగిన పాఠకులకు ఉద్దేశింపబడినవి. పిల్లలకు జంతువులనుగూర్చి తెలుగున తెలిసినది పాఠశాల వాచకములలోని ఒకటి రెండు పాఠములు, వానికి నల్లసిరాతో మసకగా అచ్చైన బొమ్మలు.

1945లో న్యాయపతి రాఘవరావు దంపతుల ‘బాల’, 1947 జులైలో ‘చందమామ’ వెలువడుటతో తెలుగు పిల్లలకు మంచి బొమ్మలు చూచు అదృష్టము కలిగినది. కాని ఆ పత్రికల ప్రధానబలము కథ. రంగుల బొమ్మకు ఒక్కొక్క రంగునకు ఒక్కొక్క బ్లాకు చేయించవలెను. ఆ ఖర్చును వేల ప్రతులు అమ్ముడుపోయిన పత్రిక భరింపగలదు గాని, కొన్ని వందలు మాత్రమే అమ్ముడుపోవు జంతువుల పుస్తకము భరింపలేదు. ఆ విధముగా తెలుగున జంతువుల బొమ్మల పుస్తకము వెనుకబడుటకు కారణము పిల్లల ఆసక్తి తక్కువగుట కాదు, బ్లాకుల వెల.

ఇంతలో జంతువులనుగూర్చిన జ్ఞానమునకు హైదరాబాదు పుష్కలముగా చోటిచ్చినది. 1931-32లో నిజాము ప్రభుత్వపు సాయముతో సలీం అలీ హైదరాబాదు సంస్థానమున ఊరూర తిరిగి పక్షుల పరిశీలన జరిపెను. ఆయన 1941లో ప్రకటించిన భారతీయ పక్షుల పుస్తకము, ప్రతి పక్షికి రంగుల బొమ్మతో, దేశమంతట పెద్దలకును పిల్లలకును పక్షులను చూచుట నేర్పినది. నగరమున పబ్లిక్ గార్డెన్సులో నున్న జంతుశాల స్థానమున మీరాలం చెరువు ప్రక్కన నెహ్రూ జంతుప్రదర్శనశాల 1959 అక్టోబరులో స్థాపింపబడి 1963 అక్టోబరులో ప్రజలకు తెరువబడినది. పంజగుట్టకు సమీపమున జూబిలీహిల్స్‌లోని కాసు బ్రహ్మానందరెడ్డి ఉద్యానము 1998లో జాతీయోద్యానముగా ప్రకటింపబడినది. అచ్చట నెమళ్ళు, ముళ్ళపందులు, పునుగుపిల్లులు నేటికిని బ్రదుకుచున్నవి. అనగా పట్టణపు పిల్లవాని ఇంటికి నడకదూరమున నెమలి కలదు. వాని చేతిలోని పుస్తకమున తరచుగా నుండునది పెంగ్విను.

మాస్కోనుండియు ఢిల్లీనుండియు

బ్లాకుల వెలయను అడ్డంకిని దాటుటకు రెండు మార్గములు దొరకినవి. రెండును బయటనుండియే వచ్చినవి.

మొదటిది సోవియట్ పుస్తకము. మాస్కోలోని ప్రగతి ప్రచురణాలయము, తరువాత రాదుగ ప్రచురణాలయము తెలుగున అనువాదములు వెలువరించెను. ఆ అనువాదకులలో ఒకరగు ఉప్పల లక్ష్మణరావు ‘అతడు-ఆమె’ నవలాకారుడే గాక వృక్షశాస్త్రమున పండితుడు కూడ. విశాలాంధ్ర పుస్తకశాలలును, పుస్తకములతో ఊళ్ళు తిరిగిన దాని వాహనములును ఈ పుస్తకములను చౌకగా పల్లెలకు చేర్చెను. రష్యను పిల్లల సాహిత్యమున జంతువులకు పెద్దపీట కలదు. పక్షిశాస్త్రజ్ఞుని కుమారుడగు విటాలీ బియాంకి 1928లో అడవి వార్తలను పత్రికా రూపమున చెప్పు పుస్తకము వ్రాసెను. ఎవ్‌గేనీ చరూషిన్ గీసిన ఎలుగుపిల్లల, తోడేలుపిల్లల బొమ్మలలో వెంట్రుకల మెత్తదనము కంటికి తెలియును. ఆ సంప్రదాయమునుండి వచ్చిన పుస్తకముల కాగితము, రంగులు చూచి తెలుగు పిల్లలు మురిసిరి. 1991లో సోవియట్ యూనియను విచ్ఛిన్నము కాగా ఆ రాక నిలిచిపోయినది.

రెండవది ఢిల్లీ మార్గము. 1957లో నేషనల్ బుక్ ట్రస్టు ఏర్పడినది. ఆ సంవత్సరమే వ్యంగ్యచిత్రకారుడు శంకర్ చిల్డ్రన్స్ బుక్ ట్రస్టును నెలకొల్పెను. నేషనల్ బుక్ ట్రస్టు వారి నెహ్రూ బాల పుస్తకాలయమున ఒకే పుస్తకము అనేక భారతీయ భాషలలో వెలువడును. బొమ్మల రంగులు అన్ని భాషలకును ఒక్కటే. మారునది నల్లసిరాతో పడు మాట మాత్రమే. బొమ్మల ఖర్చును అన్ని భాషలు పంచుకొనుటచే తెలుగు ప్రతి పేదవానికి అందు వెలకు వచ్చినది. ఈ మాలలో జమాల్ ఆరా వ్రాసిన పక్షుల పరిశీలన పుస్తకము పిచ్చుకను, మైనాను, గ్రద్దను ఎట్లు చూడవలెనో నేర్పును.

తరువాతి కాలమున చెన్నైలో 1996లో మొదలైన తులిక, బెంగుళూరులో 2004లో మొదలైన ప్రథమ్ బుక్స్ తెలుగుతో సహా అనేక భాషలలో బొమ్మల పుస్తకములు వేసినవి. సికిందరాబాదు తార్నాకలోని ‘మంచి పుస్తకం’ సంస్థ దొరకకుండ పోయిన సోవియట్ బాలల పుస్తకములను తెలుగున మరల అచ్చువేసినది. జనవిజ్ఞానవేదిక వారి ‘చెకుముకి’ పత్రిక పాఠశాలలకు విజ్ఞానమును చేర్చినది. పుస్తకముల కరవు తీరినట్లే కనిపించును. కాని ఒక లోపము అట్లే నిలిచినది.

పేరు తప్పినచోట

బొమ్మను భాషనుండి భాషకు మార్చనక్కరలేదు. పేరును మార్చవలెను. చిక్కు అచ్చటనే పుట్టినది. ఆంగ్లమున చీతా యను మృగము వేరు, లెపర్డ్ అను మృగము వేరు. మొదటిది పరుగున అందెవేసినది, ఒంటిమీద గట్టి చుక్కలు కలది. రెండవది చెట్టెక్కునది, పూలవలె విడిన మచ్చలు కలది. తెలుగు పుస్తకములు రెండింటికిని చిరుతపులి యని వ్రాయుట తరచుగా కనిపించును. భారతదేశమున చీతా అంతరించినట్లు 1952లో ప్రకటించిరి; 2022 సెప్టెంబరులో నమీబియానుండి తెచ్చిన చీతాలను మధ్యప్రదేశమునందలి కూనోలో విడిచిరి. చిరుతపులి తెలుగు అడవులలో నేటికిని కలదు. రెండింటికిని ఒకే పేరు చదివిన పిల్లవానికి ఈ వార్తయే అర్థము కాదు. అట్లే నక్క వేరు, గుంటనక్క వేరు. ఫాక్సు అనుచోట నక్క యని వ్రాసినచో పొలముగట్టున రెండింటిని చూచిన పల్లె పిల్లవాడు పుస్తకమే తప్పనును. వాని మాటయే నిజము.

తెలుగు నోట పేర్లకు కొరత లేదు. పాలపిట్ట, గిజిగాడు, లకుముకిపిట్ట, తీతువు, గూడబాతు, అలుగు, ముంగిస, ఉడుము అనునవి పలికినంతనే పల్లెవాసికి రూపము కట్టును. పాలపిట్ట తెలంగాణ రాష్ట్రపక్షి; దసరానాడు దానిని చూచుట శుభమని జనుల నమ్మకము. ఆ నమ్మకముచేతనే నగరమున పండుగనాడు కొందరు దానిని పట్టి పంజరమున పెట్టి చూపి డబ్బులు తీసికొందురు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము దీనిని నిషేధించుచున్నది. పాలపిట్ట రెక్క విప్పి ఎగిరినపుడే దాని నీలిరంగు పూర్తిగా కనబడునని బొమ్మతో చెప్పు పుస్తకమును చదివిన పట్టణపు పిల్లవాడు పంజరములోని పక్షికి డబ్బులిచ్చుటకు వెనుకాడును.

బొమ్మయు, పేరును సరిగా కలసినపుడు ఎంతటి మేలు జరుగునో తెలుగునేలమీదనే ఒక నిదర్శనము కలదు. జెర్డన్ పేర ప్రసిద్ధమైన ఒక చిన్న పక్షి 1900 తరువాత శాస్త్రజ్ఞుల కంటబడలేదు. అది అంతరించినదని అనేకులు తలచిరి. 1980 దశకమున బొంబాయి ప్రకృతిచరిత్ర సంఘమువారు కడప జిల్లాలో పల్లెలవెంట తిరిగి, ఆ పక్షి బొమ్మను ప్రజలకు చూపి విచారించిరి. ప్రజలు దానిని గుర్తుపట్టిరి. వారి నోట దాని పేరు కలివికోడి. కలివిపొదల నడుమ రాత్రివేళ తిరుగునని వారికి తెలియును. 1986 జనవరిలో రెడ్డిపల్లి ప్రాంతమున స్థానికుడైన వేటగాడొకడు దానిని ప్రాణముతో పట్టి తెచ్చెను. దానికొరకు శ్రీలంకమల్లేశ్వర అభయారణ్యము 1988లో ఏర్పడినది. ఆ తరువాతను ఆ పక్షి కనబడుట మిక్కిలి అరుదు.

ఈ వృత్తాంతమును కొంచెము నిదానించి చూడవలెను. శాస్త్రజ్ఞుల వద్ద బొమ్మ కలదు, పక్షి లేదు. పల్లెవాసుల వద్ద పక్షియు పేరును కలవు, వారిని అడిగినవారు లేరు. బొమ్మ పల్లెకు చేరిన దినమున ఎనుబది యేండ్లకు పైగా మూసియున్న తలుపు తెరువబడినది. బొమ్మ పల్లెకు బోధించుటకు మాత్రమే వచ్చునది కాదు. పల్లె ఎరిగినదానిని బయటికి తెచ్చునది కూడ.

రాబందు లేని ఆకాశము

ఇట్టి పని నేడు మరింత అవసరమైనదగుటకు కారణము కలదు. పల్లెటూరి పిల్లవాడు జంతువును ముందు చూచి బొమ్మను తరువాత చూచునని పైన చెప్పబడినది. అది క్రమముగా అసత్యమగుచున్నది. 1980 దశకమువరకు ఏ ఊరి వెలుపలనైనను పశువు చచ్చినచో రాబందులు గుంపుగా దిగెడివి. 1990 తరువాత కొద్ది యేండ్లలోనే అవి కంటికి కనబడకుండ పోయినవి. పశువులకు నొప్పి తగ్గుటకిచ్చు డైక్లోఫెనాక్ అను మందు కళేబరముద్వారా వాని కడుపులో చేరి మూత్రపిండములను పాడుచేయుచున్నదని 2004లో వెలువడిన పరిశోధన తేల్చినది. పశువైద్యమున ఆ మందును భారత ప్రభుత్వము 2006లో నిషేధించినది. అప్పటికే వీపు తెల్లని రాబందులలో నూటికి 99 పాళ్ళు పోయినవి. అట్లే కర్నూలు ప్రాంతపు రోళ్ళపాడున 1988లో అభయారణ్యము ఏర్పడినను బట్టమేక పిట్ట కనబడుట అరుదైపోయినది.

నేడు పదేండ్ల పల్లె పిల్లవానికి రాబందు రామాయణములో జటాయువు, పుస్తకములో బొమ్మ. అమీర్‌పేట పిల్లవానికి ఎద్దు ఎట్లో, వీనికి రాబందు అట్లే అయినది. ఇద్దరు పిల్లల నడుమ తేడా ఈ విషయమున తొలగిపోయినది. కాని వాని తాతకు రాబందు జ్ఞాపకమున్నది. ఏ చెట్టుమీద వ్రాలెడిది, ఎంత రెక్క విప్పెడిది, దానిని ఊరివారు ఏ పేర పిలిచెడివారు అనునవి ఆయన చెప్పగలడు. ఆ తాత పోయిన పిమ్మట బొమ్మ మాత్రము మిగులును. ఆ బొమ్మక్రింద అనువాదకుడు వేసిన పేరు మిగులును.

గ్రంథాలయము చేయదగిన పని

తెలుగునాట గ్రంథాలయము పుస్తకములను భద్రపరచు గది మాత్రమే కాదని పెద్దలు మొదటినుండి నమ్మిరి. 1914లో బెజవాడలో ఆంధ్రదేశ గ్రంథభాండాగార సంఘము ఏర్పడినపుడు అయ్యంకి వెంకటరమణయ్య మొదలగువారి ఆశయము అదియే. 1935లో పాతూరి నాగభూషణము కృష్ణాకాలువమీద పడవలో పుస్తకములనుంచి ఊరూర తిప్పిరి. పుస్తకము పాఠకునికొరకు కదలివచ్చినది. జంతువుల బొమ్మల పుస్తకముల విషయమున పల్లె గ్రంథాలయము మరి కొంచెము ముందుకు పోవచ్చును.

మొదట, ఈ పుస్తకములను బీరువాలో పెట్టి తాళము వేయరాదు. పిల్లల చేతిలో నలిగి చినిగిన పుస్తకము తన పని తాను చేసినది. దానిని అతికించుటకు జిగురును, మరల కొనుటకు కొంత సొమ్మును ఏటేట ప్రత్యేకించుట మేలు. ఎన్నుకొనునపుడు దూరదేశపు మృగముల పుస్తకములతోపాటు ఈ నేల పక్షులు, పాములు, పురుగులు, చేపలు గల పుస్తకములకు సమానమైన చోటియ్యవలెను. 2015లో ప్రథమ్ బుక్స్ వారు నెలకొల్పిన స్టోరీవీవర్ యందలి పుస్తకములను, మూలకర్తల పేర్లు తెలుపుచు, ఎవరైనను అనువదించి అచ్చువేసికొనుటకు అనుమతి కలదు. అందలి జంతువుల పుస్తకమును ఎన్నుకొని, ఊరి పాఠశాల ఉపాధ్యాయుడును పిల్లలును తమ మాటలలో తెలుగుచేసికొని గ్రంథాలయమున నుంచుకొనవచ్చును.

అన్నింటికంటె ముఖ్యమైనది పేరు. ప్రతి బొమ్మల పుస్తకమునకు వెనుక ఒక తెల్లకాగితము అతికించి, అందలి జంతువును ఆ ఊరివారు ఏ పేర పిలుతురో, ఎచ్చట ఎప్పుడు చూచిరో వ్రాసి ఉంచవలెను. గొర్రెలకాపరి, చేపలు పట్టువాడు, తేనె తీయువాడు, పొలము దున్నువాడు గ్రంథాలయమునకు పాఠకులుగా రాకపోవచ్చును. ఈ పనికి వారిని గురువులుగా పిలువవచ్చును. వారు చెప్పగా పిల్లలు వ్రాసిన ఆ కాగితములు పది సంవత్సరములలో ఒక గ్రంథమగును. జెర్డన్ నెల్లూరులో చేసిన పని అది. దానిని చేయుటకు నేడు పరదేశపు వైద్యుడు రానక్కరలేదు.

పల్లెనుండి అమీర్‌పేటకు చదువుకొనబోయిన యువకుడు సంక్రాంతికి ఇంటికి వచ్చునపుడు నగరమునుండి ఏదో ఒకటి తెచ్చును. పరీక్షల గైడ్ల నడుమ ఒక జంతువుల బొమ్మల పుస్తకమును కూడ తెచ్చి గ్రంథాలయమునకు ఇచ్చినచో, దానివెల ఒక సినిమా టిక్కెట్టు వెలకు మించదు. పండుగ ముగిసి మరల నగరమునకు పోవునపుడు, ఆ పుస్తకము వెనుక ఊరివారు వ్రాయించిన పేర్లను ఒక కాగితముమీద ఎత్తివ్రాసికొని, తన గది ప్రక్కనున్న ఇంటి పిల్లలకు చూపవచ్చును. బొమ్మ నగరమునుండి పల్లెకును, పేరు పల్లెనుండి నగరమునకును పోవును. ఆ ఇద్దరు బాలురకును ఒకే పుస్తకము పనికివచ్చుట అప్పుడు సాధ్యమగును.